ఏప్రిల్‌ని నమ్మకు పిన్నీ

చికాగో ఎప్పుడు రమ్మంటావని పిన్ని నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఏప్రిల్‌లో టికెట్ చవగ్గా ఉందట. వద్దంటే వద్దన్నాను. ఇక్కడ ఏప్రిల్ పేరుకే వసంతం. పొద్దున్నే ఎండ చూసి మురిసిపోయి పల్చటి చొక్కాతో బయటికెళ్తే, సాయంత్రానికి నెత్తిన మంచు పడిన రోజులున్నాయి. మే నెలలో కూడా మిషిగన్ సరస్సు ఒడ్డున ఊళ్ళోకంటే చల్లగా ఉంటుంది. ఆ నీళ్ళకి వేడెక్కడం అంటే మహా బద్ధకం.

నన్నడిగితే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మూడో వారం దాకా. ఉక్కపోత తగ్గుతుంది, మేపుల్ ఆకులు పసుపూ కుంకుమా రంగులకి తిరుగుతాయి. దసరా కూడా కలిసొస్తుంది.

బట్టలంటారా, మందపాటి స్వెటర్ ఒకటి కాదు, పల్చటివి మూడు. బయట వణుకు, ఇంట్లో హీటరు. గడప దాటినప్పుడల్లా ఒకటి విప్పాలి, ఒకటి తొడగాలి. పెద్ద కోటు మాత్రం అక్కడ కొనొద్దు, నాదుంది. వాజలీన్ మర్చిపోవద్దు, హీటరు గాలికి మడమలు పగుళ్ళిస్తాయి.

అమ్మ జనవరిలో వచ్చినప్పుడు కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టింది. రోజూ పొద్దున దాన్ని హీటరు జాలీ మీద పెట్టుకుని, కరిగేదాకా పక్కనే కూర్చుని కాఫీ తాగేది.

పిన్ని ఇదంతా ఓపిగ్గా విని, "సరేగానీ, ఆవకాయ ఎన్ని కిలోలు తేను?" అంది.