తల వాల్చుకొనే చోటు

మెదక్ దేవాలయమును ఒక్కసారి కండ్లారా చూడాలని మన పల్లెటూరి సంఘములలో ఎందరో పెద్దవారికి కోరిక. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమునకు 2024 క్రిస్మస్ నాటికి నూరేండ్లు నిండాయి. గోడ మీద క్యాలెండరులో చూసినవారు చాలామంది ఉన్నారు. వెళ్ళి చూసినవారు తక్కువ. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "అంత దూరం కూర్చోలేమమ్మా, నడుము పట్టేస్తుంది, మెడ నిలవదు" అంటారు. డబ్బు లేక ఆగిపోయినవారు కొందరైతే, మెడనొప్పికి భయపడి ఆగిపోయినవారు మరికొందరు.

అటువంటివారి నిమిత్తమే, గుడివాడ దగ్గరి మా ఊరినుండి డోర్నకల్ మీదుగా మెదక్ వరకు దేవుని కృపను బట్టి మేము చేసిన ప్రయాణమును గూర్చి, ఆ ప్రయాణములో మాకు ఎంతో ఉపకరించిన చిన్న దిండ్లను గూర్చి వ్రాస్తున్నాము.

బయలుదేరినది ఆరుగురము. మేమిద్దరము, మా పిల్లలిద్దరు, మా అమ్మ, మా సంఘములో ముప్పది ఏండ్లు పరిచర్య చేసి విశ్రాంతి తీసికొన్న బైబిలమ్మగారు. డ్రైవరుతో కలిపి ఏడుగురు పట్టే కారు అద్దెకు మాట్లాడుకొన్నాము. అమ్మకు మెడ ఎముకల అరుగుదల. డాక్టరుగారు మెడకు పట్టీ ఇచ్చారు. ప్రయాణమునకు వెళ్ళవచ్చునని చెప్పి, తల వేలాడకుండ చూచుకొమ్మని, గంటన్నరకు ఒకసారి దిగి నాలుగు అడుగులు నడవమని చెప్పారు.

మన తల బరువు సుమారు 5 కిలోలు ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపు మెడ కండలు ఆ బరువును మోస్తాయి. కారులో కునుకు పట్టగానే ఆ కండలు సడలుతాయి. తల ముందుకో, పక్కకో వ్రాలుతుంది. ఆ బరువంతా ఒక పక్క మెడనరముల మీద పడుతుంది. గతుకు వచ్చినప్పుడెల్లా ఒక కుదుపు. నిద్ర లేచేసరికి మెడ తిరగదు. సీటు పైన హెడ్‌రెస్టు ఉన్నది గదా అనవచ్చును. అది తల వెనుకకు పోకుండ ఆపుతుంది గాని పక్కకు వ్రాలకుండ ఆపదు. పైగా మెడ వెనుక ఉండే ఒంపు అక్కడ ఖాళీగానే ఉండిపోతుంది.

ఆ ఖాళీని నింపుటకే ఇప్పుడు చిన్న దిండ్లు వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో కారు సామానులు అమ్మే దుకాణములో మేము రెండు కొన్నాము. రెండు కొసలు లావుగా, నడుమ సన్నముగా ఎముక ఆకారములో ఉంటాయి. వెనుక సాగే పట్టీ ఉంటుంది. హెడ్‌రెస్టును నిలబెట్టే రెండు ఇనుప కడ్డీలకు ఆ పట్టీని తగిలిస్తే దిండు మెడ ఒంపులో సరిగా కూర్చుంటుంది. తలకు రెండు పక్కల రెక్కలవలె నిలిచేవి, కడ్డీలకు బిగించుకొనేవి కూడ ఉన్నాయి. వాటిలోపల ఉండేది ఒక విధమైన మెత్తని స్పాంజి. దీనిని 1966లో ఛార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు పనిచేస్తూ, విమానపు సీట్లలో కూర్చొనేవారికి దెబ్బ తగ్గించుటకు తయారుచేశాడు. ఒంటి వేడికి అది మెత్తబడి, ఒత్తిన ఆకారమునకు వంగి, చేయి తీయగానే మెల్లగా మునుపటివలె లేస్తుంది.

మిగిలిన రెండు దిండ్లను బైబిలమ్మగారు ఇంటివద్దనే కుట్టారు. జానెడు మీద నాలుగు వేళ్ళ పొడవు, పిడికిలి అంత లావు. పాత నేతచీర గుడ్డలో బూరుగు దూది కూరి, వెనుక రెండు నాడాలు కుట్టారు. కొన్నవాటికి, కుట్టినవాటికి వాడుకలో మాకు పెద్ద తేడా కనబడలేదు. బూరుగు దూది అణగిపోతుంది, నిజమే. ఒక పూట ఎండలో వేస్తే మరల ఉబ్బుతుంది.

తెల్లవారుజామున 5 గంటలకు డ్రైవరు తమ్ముడు కారు తెచ్చి నిలిపాడు. ప్రార్థన చేసికొని ఎక్కబోతుంటే అతడే ఒక మంచి మాట చెప్పాడు. "ముందు హెడ్‌రెస్టు పైకి లేపాలండి. తరువాత దిండు కట్టాలండి." కడ్డీ మొదట ఉన్న బొత్తాము నొక్కి, అమ్మ చెవుల పైభాగమునకు తగ్గకుండ దానిని లేపాడు. హెడ్‌రెస్టు నిద్రకొరకు పెట్టినది కాదని కూడ అతడే చెప్పాడు. వెనుకనుండి మరొక బండి గుద్దినప్పుడు సీటు మన వీపును ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. తల మాత్రము వెనుకనే ఉండిపోతుంది. ఆ క్షణములో మెడ వెనుకకు విరుచుకొని పోతుంది. అలా పోకుండ పట్టుకొనేందుకే హెడ్‌రెస్టు. అమెరికాలో 1969 జనవరి 1 నుండి తయారయ్యే కార్ల ముందు సీట్లకు అది తప్పనిసరి చేశారు. కాబట్టి దిండు మరీ లావుగా ఉండి తలను హెడ్‌రెస్టుకు దూరముగా నెట్టినట్లయితే, సుఖము కొరకు కట్టినదే హాని చేస్తుంది.

అది విని బైబిలమ్మగారు, "ఏలీ యాజకుడు గుమ్మము దగ్గర పీఠము మీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయాడు గదా! ముసలివారికి వెనుక ఆనుకొనేది ఉండాలమ్మా" అన్నారు. 1 సమూయేలు 4వ అధ్యాయములోని ఆ సంగతి ఎన్నిసార్లు చదివినా మాకు ఈ విధముగా తోచలేదు.

విజయవాడ దాటి, ఖమ్మము మీదుగా పొద్దున 11 గంటల వేళకు డోర్నకల్ చేరాము. కాజీపేట, విజయవాడ రైలు మార్గములో ఇది జంక్షను. ఇక్కడినుండే కొత్తగూడెము వైపు మరొక లైను చీలుతుంది. రైలులో ఈ స్టేషను దాటి పోయినవారు చాలామంది ఉంటారు గాని, దిగి దేవాలయము చూసినవారు కొద్దిమందే. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్యగారు కట్టించిన దేవాలయమిది. 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములు, స్తంభములు చూస్తే మన దేశపు కట్టడమే అని తెలిసిపోతుంది. అజరయ్యగారు 1945 జనవరి 1న ఈ ఊరిలోనే ప్రభువునందు నిద్రించారు.

తమిళదేశమున పుట్టి తెలుగు నేలకు వచ్చిన ఆయన పల్లె పల్లెకు ఎద్దుబండిలో తిరిగి పరిచర్య చేశారు. దేవాలయపు నీడలో కూర్చున్నప్పుడు మా అమ్మ తన చిన్ననాటి బండి ప్రయాణములు జ్ఞాపకము చేసికొన్నది. బండిలో మోకాలి ఎత్తున వరిగడ్డి పరచి, దానిమీద బొంత వేసి, తల క్రింద బట్టల మూట పెట్టుకొని, కన్వెన్షను కూటములకు పోయేవారట. "అప్పుడు మెడ నొప్పి తెలియదు. పడుకొనే పోయేవాళ్ళం" అన్నది అమ్మ. ఆ మాట నిజము. కూర్చుండి నిద్రపోవుట ఈ కాలపు ప్రయాణములలోనే ఎక్కువైనది. గడ్డి మెత్త స్థానమున ఈ చిన్న దిండు వచ్చినది, అంతే.

మానుకోట మీదుగా సాయంత్రమునకు హనుమకొండ చేరి రాత్రి బస చేశాము. డ్రైవరు తమ్మునికి కూడ మంచము చూపించాము గాని, "బండి దగ్గర ఉండాలండి, మాకు అలవాటేనండి" అని కారులోనే పడుకొన్నాడు. ఉదయము లేచి సిద్దిపేట, రామాయంపేట దాటి, 11 గంటలు కాకముందే మెదక్ చేరాము.

దూరమునుండే గంటల గోపురము కనబడుతుంది. దాని ఎత్తు 175 అడుగులు. దేవాలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. మెదక్ ప్రాంతములో కరవు పీడించిన రోజులలో ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఈ పని పెట్టించి, పనిచేసిన బీదలకు అన్నము దొరికేటట్లు చేశారు. అందువలన ఈ రాళ్ళలో ఆకలిగొన్నవారి చెమట ఉన్నది, వారి కడుపు నిండిన కథ కూడ ఉన్నది. లోపల రంగుల అద్దపు కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము కనబడతాయి. వెలుపలినుండి పగటి వెలుగు పడితేనే ఆ బొమ్మలకు ప్రాణము. చీకటి పడితే ఏమియు కనబడదు. కాబట్టి వెళ్ళేవారు పగలే వెళ్ళాలి.

రెండు రోజులు కారులో కూర్చొని వచ్చిన అమ్మ గోపురము శిఖరము చూచుటకు తల ఎత్తింది. దగ్గర నిలబడి తల ఎత్తవద్దని, ఆవరణలో దూరముగా చెట్టు క్రింద కూర్చోబెట్టాము. అక్కడినుండి మెడ వంచకుండనే శిఖరము కనబడినది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్న కూడ చూడవలసినది" అని మాత్రము అన్నది.

సాయంత్రము 4 గంటలకు డ్రైవరు తమ్ముడు వచ్చి, "ఇప్పుడు బయలుదేరితే అర్ధరాత్రి దాటాక ఊళ్ళో ఉంటామండి. మీకు ఒక రోజు బాడుగ కలిసొస్తుందండి" అన్నాడు. మాకు లెక్క నచ్చినది. పిల్లలకు బడి కూడ ఉన్నది. సామాను సర్దుతుండగా బైబిలమ్మగారు అతనిని దగ్గరకు పిలిచి, "నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు బాబూ?" అని అడిగారు.

అతడు నవ్వాడు. "రెండు గంటలుంటుందేమోనండి. దోమలండి."

"మొన్న రాత్రి?"

"మొన్న వేరే ట్రిప్పునుంచి పదకొండింటికి వచ్చి, బండి కడుక్కొని, తెల్లారే మీ ఇంటికి వచ్చానండి."

"మా తలలకు నీ చేతులతో దిండ్లు కట్టావు. నీ తల ఎక్కడ పెట్టుకొన్నావు నాయనా?" అన్నారు ఆమె.

ఆ ప్రశ్నకు ఎవరము జవాబు చెప్పలేదు. హైదరాబాదులో బట్టలు కొనుటకు దాచిన డబ్బు మా దగ్గర ఉన్నది. ఆ డబ్బుతో ఒక రోజు బాడుగ, అతని బత్తా, రాత్రి బస చెల్లించుటకు నిశ్చయించుకొని మెదక్‌లోనే ఆగిపోయాము. బండికి కాపలా మేము చూచుకొంటామని చెప్పి, అతనిని గదిలో మంచము మీద పడుకోబెట్టాము. 7 గంటలకు లేచి అన్నము తిని మరల పడుకొన్నాడు. తెల్లవారి 6 గంటల వరకు కదలలేదు. బదరీవృక్షము క్రింద అలసి పడుకొన్న ఏలీయాకు దేవదూత బుద్ధులు చెప్పలేదు. తినుటకు ఇచ్చి మరల పడుకోనిచ్చాడు. దూరప్రయాణము ఆ తరువాతనే. 1 రాజులు 19వ అధ్యాయము ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనలో చదువుకొన్నాము.

మరునాడు నర్సాపూరు అడవి మీదుగా హైదరాబాదు వచ్చి, విజయవాడ రోడ్డు పట్టుకొన్నాము. నకిరేకల్ దాటిన తరువాత ఒక గేదెల మంద ఉన్నట్టుండి రోడ్డు మీదికి వచ్చినది. తమ్ముడు దూరమునుండే చూచి, మెల్లగా వేగము తగ్గించి, బండి నిలిపాడు. గేదెలు దాటిపోయాయి. దిండు మీద తల వాల్చిన అమ్మ నిద్ర లేవనేలేదు.

ప్రియ చదువరులారా, మీరును ఇటువంటి ప్రయాణము తలపెట్టినప్పుడు కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనండి. దిండు మెడ ఒంపులో ఉండాలి, తల వెనుక కాదు. గడ్డము రొమ్మునకు ఆనుతున్నట్లయితే అది లావు ఎక్కువని అర్థము. పట్టీని కడ్డీలకే తగిలించాలి. బెల్టుకు అడ్డము రానీయకూడదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు అని వ్రాసివున్న కార్లలో ఆ భాగమును దేనితోను కప్పకూడదు. మెడ జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. స్పాంజి దిండును నీళ్ళలో ముంచకుండ పై గలీబు మాత్రము ఉతకాలి. స్త్రీల మైత్రి కూటములలో బూరుగు దూదితో ఇటువంటివి కుట్టి, సంఘములోని వృద్ధులకు ఇచ్చినట్లయితే ఎంతో మేలు.

అయితే ఎన్ని దిండ్లు కొన్నా, బండి నడిపేవానికి అవి పనికిరావు. అతడు తల వాల్చకూడదు. అతనికి మనము ఇవ్వగల దిండు ఒక్కటే, బండి ఆపుట. దోనెలో ప్రభువు తలగడ మీద నిద్రించిన రాత్రి (మార్కు 4వ అధ్యాయము) శిష్యులు మేలుకొని ఉన్నారు. ఒకరు నిద్రపోవుటకు మరొకరు మేలుకొనవలసినదే. ఆ మేలుకొన్నవాడు ఎప్పుడు పడుకొన్నాడో తెలిసికొనుట మన బాధ్యత. తెల్లవారుజామున 2 నుండి 5 గంటల మధ్య నిద్ర మనిషిని బలముగా లాగుతుంది. లాడ్జి ఖర్చు మిగులునని రాత్రంతా బండి నడిపించుట మన పల్లెలలో వాడుకైపోయినది. ఈ సంవత్సరము క్రిస్మస్‌కు బండి మాట్లాడుకొనే కుటుంబములు బాడుగ ఎంత అని అడిగిన నోటితోనే, నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావని డ్రైవరును అడగండి. ఆ జవాబు విన్న తరువాత ప్రయాణ క్షేమము కొరకు ప్రార్థన చేయండి.