మూడు నుంచి రెండుకి

లైసెన్స్ చేతికొచ్చిన రెండో వారం పాత కారొకటి కొన్నాను. మొదటిరోజే కాలనీ మలుపు దగ్గర మూడో గేరు నుంచి రెండుకి దించి క్లచ్ వదిలేసరికి, ఎవరో కొంగు పట్టుకుని వెనక్కి లాగినట్టయింది. పక్కన కూర్చున్న అమ్మ తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుంది. ఆ తర్వాత ప్రతి మలుపుకీ ముందుగానే పట్టుకునేది. "అందుకే ఆటోమేటిక్ తీసుకోమన్నాను" అన్నాడు నా సహచరుడు. అంతకుముందు షోరూంలోనూ "లేడీస్‌కి అదే సుఖం మేడమ్" అన్నారు.

నాకు అర్థం కానిది వేరే. డ్రైవింగ్ స్కూల్ కారులో నేనెప్పుడూ ఇలా కుదపలేదు. మాస్టారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు తలుచుకుంటుంటే ఒకరోజు ఆయన కాళ్లు గుర్తొచ్చాయి. శిక్షణ కారులో నేర్పేవాళ్ల వైపూ పెడల్స్ ఉంటాయి. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అలాంటి అదుపు వాళ్లకి ఉండి తీరాలి, ప్రమాదం జరగకుండా. నేను గేరు దించిన ప్రతిసారీ ఆయన తన క్లచ్‌ని సగంలో పట్టి మెల్లగా వదిలేవారు. నేను కాలు తీసేసినా క్లచ్ ఆయన కాలి కిందే ఉండేది. ఆ మెత్తదనం నాది కాదు.

కోపం రాలేదు, సిగ్గేసింది. పీహెచ్‌డీ రోజుల్లో మా గైడు నా వాక్యాల్ని తనే తిరగరాసి "బాగా రాశావమ్మా" అన్నప్పుడు కూడా ఇలాగే సంతోషపడ్డాను మరి.

అసలు కిటుకు మా వీధిలో టాటా ఏస్‌లో కూరగాయలు అమ్మే ఆమె చెప్పింది. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి సరుకు తనే తోలుకొస్తుంది. నా బండి గంతులు చూసి నవ్వి, "మేడమ్, క్లచ్ వదులుతున్నరు గని ఇంజన్‌ను లేపుతలేరు. గేరు వేసినంక జర రేస్ ఇచ్చి అప్పుడు వదలాలె" అంది.

"ఎంత ఇవ్వాలక్కా?"

"చెవికే ఎరుకైతది."

అదే వేగంలో, మూడో గేరులో నిమిషానికి 2000 సార్లు తిరిగే ఇంజన్ రెండో గేరులో సుమారు 3000 సార్లు తిరగాలి. గేర్లను కలపడానికి లోపల సింక్రోమెష్ ఉంది. ఇంజన్‌ని లేపడానికి నా కుడికాలు తప్ప ఏమీ లేదు. నేను లేపకపోతే చక్రాలే దాన్ని ఈడ్చి లేపాలి. ఆ ఈడ్పే కుదుపు. క్లచ్ నెమ్మదిగా వదిలితే కుదుపు తగ్గుతుంది కానీ ఆ రాపిడి అంతా క్లచ్ ప్లేటు మోస్తుంది. మాస్టారు చేసింది అదే. ఖాళీ రోడ్ల మీద కొన్ని ఆదివారాలు అద్దాలు దించుకుని వింటూ నేర్చుకున్నాను. రేస్ ఎక్కువైతే ముందుకు దూకుతుంది, తక్కువైతే కొంగు లాగుతుంది. డాష్‌బోర్డులో ముల్లు ఉంది గానీ, దాన్ని చూస్తూ కూర్చుంటే రోడ్డు కనిపించదు.

1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి 100 కిలోమీటర్లకు పైగా కారులో వెళ్లింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. తిరిగొచ్చి, కొండలెక్కడానికి ఇంకో గేరు పెట్టమని భర్తకి చెప్పింది. ఇది చదివినప్పుడు కూరగాయల అక్కే గుర్తొచ్చింది. నిండు బరువుతో దిగుడులో బ్రేకులనే నమ్ముకోకూడదని ఆమెకీ ఏ స్కూలూ చెప్పలేదు.

పోయిన కార్తీకంలో అమ్మని శ్రీశైలం తీసుకెళ్లాను. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో బ్రేకు తొక్కుతూనే పోతే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. మొదటి మలుపుకి ముందే రెండుకి దించి, రేసిచ్చి, క్లచ్ వదిలాను. ఇంజన్ గొంతు పెరిగింది. బండి కుదపలేదు.

"ఏంటే ఆ చప్పుడు, పాడైందా?" అంది అమ్మ.

"ఇంజనే బండిని పట్టుకుని దింపుతోందమ్మా."

కాసేపు వింది. "మీ నాన్న బండిలో ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదే."

పెట్రోలు మిగులుతుందని నాన్న ఘాట్‌లో ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దింపేవారు. ఆ ప్రయాణాల్లో అమ్మ దారి పొడుగునా కళ్లు మూసుకుని ఉండేది. నేనది భక్తి అనుకునేదాన్ని. ఈసారి మూడో మలుపు దగ్గర పిడి వదిలేసి, సంచిలోంచి కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చాక కాలనీ మలుపులో మళ్లీ కుదిపాను. కూరగాయల అక్క చూడనే చూసింది.