గుణవృక్షకం

నిరుడు శ్రావణంలో మా అబ్దుల్లాపూర్‌మెట్‌కు ఒక పడవ వచ్చింది. చెరువు నిండి కాదు. విజయవాడ రహదారి మీద, ట్రాలీ ఎక్కి. ఒకప్పుడు నా దగ్గర సంధులు చదువుకొని, పిమ్మట సైన్యంలో మరమ్మతుల పని చేసి విశ్రాంతి పొందిన శిష్యుడొకడు దానిని పాతదిగా కొని తన రేకుల షెడ్డులో దించాడు. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ రూపొందించిన ఎంటర్‌ప్రైజ్ తరగతి పడవ అది. నాలుగు మీటర్ల పొడవు, ఇద్దరికి చాలినది. బాగుచేసి హుస్సేన్‌సాగర్‌లో దింపాలని అతని సంకల్పం. మొదట ఎక్కేది అతని కూతురూ, నా మనుమడూ.

తెరచాపకొయ్యకు అమరకోశంలో కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లు. గుణమంటే త్రాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా వల్లెవేయించాను గానీ, త్రాళ్ళు లేకుంటే నిలువని చెట్టు అన్న సంగతి ఆ షెడ్డులోనే బోధపడింది. ముందొకటి, ప్రక్కలకు చెరొకటి. మూడే ఉక్కు తీగత్రాళ్ళు. ప్రక్క త్రాళ్ళు పడవను పట్టుకొనేది అరచేతి పొడవైన రెండు పట్టీలతో.

త్రాటి కొన మీద దూది రాస్తే తెగిన పోగులకు చిక్కుకొంది. ఒక్క పోగు తెగినా త్రాడు మార్చవలసిందేనట. అల్యూమినియం కొయ్యలో ఉక్కు మరలు దిగినచోట తెల్లని చిలుము పొంగింది. ఇవన్నీ ఒప్పుకొన్నాను. పట్టీల దగ్గర మాత్రం అడ్డుపడ్డాను. అద్దంలా మెరుస్తున్నాయి, స్టెయిన్‌లెస్ గదా, ఉంచరాదా అని. పొదుపు నా పుట్టుబుద్ధి.

"మెరిసేది కనపడే దిక్కే సార్" అంటూ బోల్టులు విప్పాడు. చెక్కకు ఆనిన ముఖమంతా గోధుమరంగు, సూదిమొన గుంటలు. ఆ ఉక్కును కాపాడేది దానిలోని క్రోమియం పైన కట్టే పలుచని పొర. అది చెదిరితే మళ్ళీ కట్టుకోవడానికి ప్రాణవాయువు కావాలి. చెక్కకూ లోహానికీ నడుమ నిలిచిన చెమ్మలో గాలి ఆడదు. పట్టీని బెంచి వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేశాడు. వంగలేదు, బోల్టు రంధ్రం దగ్గర అప్పడంలా విరిగింది.

"తాతా, ఉంచమన్నది ఇదేనా?" అన్నాడు మనుమడు. నాకు నోట మాట రాలేదు.

కొత్త పట్టీలు మాలిబ్డినం కలిసిన 316 రకం. చెక్కలోని పాత రంధ్రాలను ఎపాక్సీతో నింపి మళ్ళీ తొలిచాడు, చెమ్మ దిగకుండా. ఎల్బీనగర్‌లో చవక షాకిళ్ళు దొరికాయి గానీ జింకు పూత ఇనుము. ఈసారి నేనే వద్దన్నాను.

కార్తికంలో పడవ నీట దిగింది. గాలికి ఒరిగినప్పుడల్లా గట్టు మీది వాళ్ళంతా తెరచాపను చూశారు. నేను పట్టీలను చూశాను. అంత దూరానికి అవి కనబడవు.