మట్టికట్టకు మనిషి కాపలా

ఆత్మకూరు చుట్టుపక్కల చెరువులకు, పట్టా పొలాల్లోని కుంటలకు కట్టలు పోయించడం, మరమ్మతు చేయించడం నా వృత్తి. సొంత భూమిలో కుంట కట్టించుకునే రైతు ముందుగా ఎన్ని నీళ్లు ఆగుతాయని అడుగుతాడు. వాన మించితే ఆ నీళ్లు ఎటు పోవాలని నేను అడుగుతాను. వాగు ఉరవడిని ఆపి, అలుగు మీదుగా మెల్లగా వదిలితేనే కింది పొలాలకు, ఇళ్లకు వరద ముప్పు తగ్గుతుంది. కట్ట తెగిందంటే నిలవ ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడతాయి.

ముందు పైమట్టి, వేళ్లు తీసేసి గట్టి నేల తగిలేదాకా కందకం తవ్విస్తాం. అందులోనుంచే కట్ట నడుమ బంకమట్టి లేపుతాం. నీటిని ఆపేది అదే. దానికి ఇరువైపులా మొరం పోస్తాం. ఒక్కో పొరను తడిపి, రోలరుతో తొక్కించాకే మరో పొర. తూము పక్కన రోలరు అందదు కాబట్టి అక్కడ చేత్తోనే దిమ్మిస కొట్టించాలి. లోపలివైపు అలల కోత తగలకుండా రాతికట్టు, బయటివైపు గడ్డి ఉండాలి. కట్ట మీద తుమ్మచెట్లు మాత్రం పెరగనివ్వకూడదు. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి నీటికి దారులవుతాయి. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్వే బొరియలూ అంతే ప్రమాదం. కట్ట కింద ఊట తేటగా వస్తుంటే కనిపెట్టి ఉండాలి. బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. వెంటనే తూము ఎత్తి నీటిమట్టం దించాలి, కింది ఊరికి కబురు పంపాలి.

మాకు దగ్గర్లోనే సరళాసాగర్ ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి పేరు పెట్టిన ఈ ప్రాజెక్టుకు 1949లో శంకుస్థాపన జరిగింది, 1959లో పనులు పూర్తయ్యాయి. నీరు నిండగానే, మిగులు నీటిని వదిలే సైఫన్లు వాటంతటవే పారతాయి. అవి పారినప్పుడు మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు పొంగి ఆత్మకూరు రాకపోకలు ఆగిపోతాయి. అలాంటి సైఫన్లున్న ప్రాజెక్టుకే 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగి గండి పడింది. అది వానాకాలం కూడా కాదు. మిగులు నీటికి సైఫన్లు దారి చూపగలవు కానీ కట్టలోని మట్టిని కాపాడలేవు. ఆ పని మనుషులదే.

కుంట ఉన్న ప్రతి రైతుకూ నా మనవి ఇదే. ఎండాకాలంలోనే కట్ట పొడవునా నడిచి చూడండి. కంప కొట్టించండి, బొరియలు తవ్వి బంకమట్టితో పూడ్పించండి, అలుగు ముందరి పూడిక తీయించండి. ఇంకో జానెడు నీళ్ల కోసం అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చకండి. కట్ట మీ సొంతమే అయినా, అది తెగితే మునిగేది కింది ఊరు.