ట్యాబ్ బోర్లించండి

జనవరి 3, 2023
డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైన ప్రభుత్వ ట్యాబ్‌లు మా ఎనిమిదో తరగతి చేతికీ వచ్చాయి. ఇవాళ పాఠం జోలికి పోలేదు. ప్రతి ట్యాబ్ వెనక తెల్ల ప్లాస్టరు అంటించి రోల్ నంబరు రాయించాను. అన్నీ ఒకే రంగు, ఒకే తీరు. గుర్తు లేకపోతే ఎవరిది ఏదో తేల్చేసరికే పీరియడ్ అయిపోతుంది.

జనవరి 5
చార్జింగ్ ఇంట్లోనే అయిపోవాలి. తరగతి గదిలో ఉన్నవి రెండే ప్లగ్గులు. రాత్రి అన్నాలకు కూర్చున్నప్పుడు పెట్టి, పడుకునేముందు తీసెయ్యమన్నాను. ఏ ఊళ్ళో కరెంటు పోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అందరికీ ఉన్నా నేను బెంచీలో ఇద్దరికి ఒకటే తీయిస్తున్నాను. 8.7 అంగుళాల తెర ఇద్దరికి చాలు. ఒక్కడే చూస్తే చూసి ఊరుకుంటాడు. ఇద్దరుంటే "కాదురా, అది కణకవచం" అని వాదన మొదలవుతుంది. నాకు కావలసింది ఆ వాదనే.

జనవరి 20
సంక్రాంతి ఫోటోలతో మెమరీ నిండిపోయింది. తీసెయ్యడానికి పది నిమిషాలు ఇచ్చాను. ఇక మీదట నేను "బోర్లించండి" అంటే తెర బల్ల వైపుకి తిరగాలి. వెలిగే తెర ఎదురుగా ఉండగా ఏ పిల్లాడూ నా మొహం చూడడు. అది వాడి తప్పూ కాదు.

ఫిబ్రవరి 2
ఉల్లిపొర. మా బడికి ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు. వరసకట్టి ఒక్కొక్కరూ తొంగి చూసేసరికి గంట కొడతారు, పైగా ఎవరు ఏం చూశారో నాకు తెలిసేదే కాదు. ఇవాళ ట్యాబ్ కెమెరాను ఐపీస్‌కి ఆనించాం. మొదట నల్లటి తెర మీద చిన్న వెలుగుచుక్క. కాస్త వెనక్కి జరిపితే ఆ చుక్క గుండ్రంగా విచ్చుకుంది. చెయ్యి వణక్కుండా నల్ల చార్టు ముక్కను ఐపీస్ చుట్టూ గొట్టంలా చుట్టి, ఆ అంచు మీద ట్యాబ్ నిలిపాం. సఫ్రానిన్ పట్టిన కణాలు ఇటుకలు పేర్చినట్టు కనబడ్డాయి, ఒక్కో దాంట్లో ఎర్రటి కేంద్రకం. ఫోటో తీసి, బ్లూటూత్‌లో పక్క బెంచీకి పంపాం. నెట్ అక్కర్లేదు. ఆ తర్వాత అందరూ నోటుపుస్తకంలో పెన్సిలుతో బొమ్మ గీయాలి. ఫోటో ఉంది కదా అని గీయడం మానిపించను. గీసేటప్పుడే కేంద్రకం కణంలో ఏ పక్కకి ఉందో చూస్తారు.

ఫిబ్రవరి 14
ట్యాబ్‌లో పాఠం వీడియో పెట్టేముందు బోర్డు మీద ఒక ప్రశ్న రాయాలి. జవాబు దొరికిన చోట ఆపెయ్యాలి. వీడియో చివరిదాకా ఆడాలని ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 28
సైన్స్ దినోత్సవం. సి.వి. రామన్ తన పేరుతోనే పిలిచే రామన్ ఫలితాన్ని 1928లో ఈ రోజే కనుగొన్నారని చెప్పి, ఉపన్యాసాలు వద్దన్నాను. ఎవరికి నచ్చిన ప్రయోగం వాళ్ళు రెండు నిమిషాల్లో వివరిస్తూ గొంతు రికార్డు చెయ్యాలి, తెలుగైనా ఇంగ్లీషైనా సరే. క్లాసులో లేచి నిలబడితే తల దించుకునే అమ్మాయి వరండా చివరికి వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది. కవర్ స్లిప్‌ను సూదితో మెల్లగా ఎందుకు దించాలో, గాలిబుడగ చేరితే అది కణంలా ఎలా మోసం చేస్తుందో చెప్పింది. ఆ మోసం సంగతి నేను పాఠంలో చెప్పలేదు. తను చూసి పట్టుకున్నదే. "సార్, అందరికీ పెట్టొద్దు" అంది. "నీకు ఎప్పుడు పెట్టాలనిపిస్తే అప్పుడే పెడదాం తల్లీ" అన్నాను. మార్కుల రిజిస్టరులో మౌఖిక వివరణ కింద ఇవాళే వేశాను.