మనలో జర నియాండర్తల్

మా టీములో ఒకాయన అమెరికాలో ఉన్నప్పుడు గొట్టంలో ఉమ్మి పంపించి తన నియాండర్తల్ లెక్క తెప్పించుకున్నాడు. ఇంకొకాయనకు ఈయన కన్నా ఎక్కువొచ్చిందట. ఇద్దరూ క్యాంటీన్లో దాని మీద పందెం వేసుకున్నట్టు మాట్లాడుకుంటారు. (వాళ్ళు ఉమ్మి పంపిన ట్వెంటీ త్రీ అండ్ మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, అది వేరే కథ.) నన్నడిగితే ఆ పందెంలో పస లేదు. ఆఫ్రికా బయట ఎవరిని పట్టుకున్నా ఒకటి రెండు శాతం డీఎన్‌ఏ మనలాంటి మనిషిది కాదు. దాదాపు నలభై వేల ఏళ్ళ కిందట అంతరించిపోయిన నియాండర్తల్‌ది, మన వైపు వాళ్ళలోనైతే కాస్త డెనిసోవన్‌ది కూడా. 2010లోనే ఆధారాలతో బయటికొచ్చిన సంగతి ఇది. ఆ పని నడిపించిన స్వాంటే పాబోకి 2022లో నోబెల్ ఇచ్చారు.

ఎప్పుడో పోయినవాడి ముక్క మనలో ఉందని ఎలా పసిగట్టారు? ఎవరైనా అడిగితే నేను బొమ్మలు గీయను, మా ఎల్లారెడ్డి మాటలు చెప్తాను.

మా వైపు జర, తక్లీఫ్, పరేషాన్, బేఫికర్ లాంటివి మాట మాటకీ దొర్లుతాయి. మా నాయనమ్మకు ఉర్దూలో అక్షరం ముక్క రాదు. అయినా "జర ఆగు" అనకుండా ఆమెకు రోజు గడిచేది కాదు. ఇప్పుడు ఒక పరిశోధకుడు వచ్చి ఆమె మాటలన్నీ రాసుకున్నాడనుకోండి. పక్కన ఒక ఉర్దూ నిఘంటువు, ఉర్దూ గాలి సోకని ఏదో మారుమూల తెలుగు పెట్టుకున్నాడు. ఆ మారుమూల తెలుగులో లేకుండా, నిఘంటువులో మాత్రం ఉండి, నాయనమ్మ నోట వినిపించినది అరువు మాట. జన్యుశాస్త్రం వాళ్ళు చేసేదీ ఇదే. మారుమూల తెలుగు బదులు ఆఫ్రికా జనాల జీనోమ్‌లు, నిఘంటువు బదులు క్రొయేషియా గుహలోనూ సైబీరియా కొండల్లోనూ దొరికిన ఎముకల నుంచి చదివిన జీనోమ్‌లు. అన్నట్టు, మారుమూల అనుకున్న చోట కూడా ఒకటీ అరా ఉర్దూ మాటలుంటాయి. బందరులో కచేరీ లేదా ఏంటి? అలాగే ఆఫ్రికా జనాల్లో కూడా ఓ 0.3 శాతం నియాండర్తల్ ఉందని 2020లో తేలింది. అందులో చాలావరకు ఎప్పుడో తిరిగి వెనక్కి వెళ్ళినవాళ్ళు పట్టుకెళ్ళిందే.

ఇక్కడొక తిరకాసుంది. "నీరు" కన్నడలో కూడా నీరే. అది అరువు కాదు, ఇద్దరికీ ఒకే తల్లి నుంచి వచ్చింది. నియాండర్తల్‌కీ మనకీ ఐదు లక్షల ఏళ్ళకు పైగా వెనక ఉమ్మడి పూర్వీకులున్నారు కాబట్టి, అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం కలిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోలేం. అందుకే పొడుగు చూస్తారు. నేను నిజాంసాగర్ నీళ్ళ కింద పెరిగినవాణ్ణి, నాకు క్రోమోజోమ్ చెరుకు గడలాగే కనిపిస్తుంది. తరానికోసారి గడ తెగుతుంది, ముక్కలు చిన్నవవుతూ పోతాయి. కలయిక లక్షల ఏళ్ళ నాటిదైతే పిప్పి తప్ప మిగలకూడదు. కానీ వేల అక్షరాల ముక్కలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆ పొడుగుల్ని బట్టి, కలిసింది సుమారు 50,500 నుంచి 43,500 ఏళ్ళ మధ్య అని 2024లో లెక్క తేల్చారు.

మన దేశం విషయానికొస్తే ఈ నిఘంటువు చేతికి దొరకదు. మన ఎండలకు ఎముకల్లో డీఎన్‌ఏ నిలవదు. హర్యానాలోని రాఖీగఢీ ఎముకలు నాలుగైదు వేల ఏళ్ళ నాటివే. వాటిలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటి (2019). నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో దొరికిన పాతజాతి మనిషి పుర్రె ఉంది, కానీ పుర్రె వరకే. మన నంద్యాల జిల్లా జ్వాలాపురం ఇంకా ఆసక్తికరం. అక్కడ 74 వేల ఏళ్ళ కిందటి టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. చేసినవాళ్ళు మనవాళ్ళా, ఇంకో జాతా? ఎముక దొరకలేదు కాబట్టి పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

కాబట్టి మన దగ్గర తవ్వాల్సింది మట్టిని కాదు, బతికున్న మనుషుల్ని. 2025లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 2,762 మంది భారతీయుల జీనోమ్‌లు చదివి, వాళ్ళల్లో చెదురుమదురుగా ఉన్న ముక్కల్ని ఏరి, నియాండర్తల్ జీనోమ్‌లో దాదాపు సగాన్ని తిరిగి అతికించారు. అన్నిచోట్లా రిపాజిటరీ డిలీట్ అయిపోయాక, జనాల లాప్‌టాపుల్లో మిగిలిన కాపీల నుంచి సగం కోడ్ వెనక్కి తెచ్చినట్టన్నమాట. అంతకు ముందు తెలుగువాళ్ళ జీనోమ్‌లంటే లోకమంతా వాడుకున్నది 1000 జీనోమ్స్ ప్రాజెక్టులోని 102 మందివి (2015). వాళ్ళ నమూనాలు తీసుకున్నది బ్రిటన్‌లో! తెలుగువాడు ఇక్కడ కూడా ఆన్‌సైట్‌లోనే దొరికాడు :)

ఇప్పుడు ఇంటి సంగతి. కామారెడ్డిలో మా అన్నకు ఎరువుల దుకాణం ఉంది. ఆయన కొడుకు గచ్చిబౌలిలో మనలాగే కోడు కొట్టుకుంటూ, టీములో అమ్మాయినే చేసుకుంటానన్నాడు. వేరే కులం. అన్నా వదినా ఎలాగో మెత్తబడ్డారు. కానీ ఎల్లారెడ్డిలో పెద్దబాపు ఊఁ అనకుండా మా ఇళ్ళల్లో పందిరి పడదు. ఏదో సైన్సు చదువుతుంటాడు కదా అని నన్ను ముందుకు తోశారు.

పెద్దబాపు నా కన్నా ముందే చదువుకుని కూర్చున్నాడు. "పేపర్ల రాలేదారా? ఎన్కట ఎవనితోనో కలిసిన రక్తం ఉన్నోళ్ళకే కరోన ముదిరిందంట. మా తమ్ముడు గట్లనే పాయె. రక్తం కలిస్తే గిట్లనే అయితది బిడ్డా."

ఆయన చెప్పింది గాలి మాట కాదు. 2020లో హ్యూగో జెబర్గ్, పాబో కలిసి మూడో క్రోమోజోమ్ మీద సుమారు 50 వేల అక్షరాల ముక్కను చూపించారు. కరోనా ముదరడానికి దానితో లంకె ఉంది, అది నియాండర్తల్ నుంచే వచ్చింది, దక్షిణాసియాలో సగం మందికి ఉంది. యూరప్‌లో ఆరుగురిలో ఒకరికే. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నబాపు, 2021 మేలో పోయాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి, అక్కణ్ణుంచి హైదరాబాదు.. ఆక్సిజన్ మంచం కోసం ఒక పగలూ ఒక రాత్రీ తిరిగాం. ఆయనకు ఆ ముక్క ఉందో లేదో ఎవరూ చూడలేదు. మంచం లేదన్నది మాత్రం నా చెవులతో విన్నాను. ఆ ఏడాదే గ్యానేశ్వర్ చౌబే, తంగరాజ్ మొదలైనవాళ్ళు దక్షిణాసియా జనాల్లో ఆ ముక్క ఎంత ఉందో, కరోనా ఎంత తాకిందో పోల్చి చూస్తే రెండింటికీ పొంతన కుదరలేదు. పైగా పన్నెండో క్రోమోజోమ్ మీద ఇంకో నియాండర్తల్ ముక్క కరోనా ముదరకుండా కొంత కాపాడుతుందని జెబర్గ్, పాబోలే 2021లో చెప్పారు. ఒకే చుట్టం విషమూ తెచ్చాడు, మందూ తెచ్చాడు.

అయితే పెద్దబాపు మాటలో నిజం అస్సలు లేదనను. నియాండర్తల్ ముక్కల్లో చాలావాటిని ప్రకృతి ఏరి పారేసింది. ఎక్స్ క్రోమోజోమ్ మీదైతే వెతుక్కోవాల్సిందే. కానీ వాళ్ళూ మనమూ ఐదు లక్షల ఏళ్ళు విడిగా బతికినవాళ్ళం. మా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ విడిగా ఉన్నది ఎన్నాళ్ళని?

దీనికి హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు కలిసి చేసిన లెక్కే ఉంది. 73 సమూహాల మీద 2013లో వచ్చింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో అందరూ అందరితో కలిశారు. పై కులమా, కింది కులమా, అడవిలో ఉన్నవాళ్ళా అని లేదు. తర్వాతే తలుపులు మూసుకున్నాయి. ఆ మూసిన తలుపుల ఖర్చు ఎంతో 2017లో నేచర్ జెనెటిక్స్‌లో చూపించారు. పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలు, పుట్టు జబ్బులకు పేరుపడ్డ అష్కెనాజీ యూదుల కన్నా, ఫిన్లాండ్ వాళ్ళ కన్నా ఇరుకైన మూలం ఉన్నవే. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు పడదు. దాన్ని అరగదీసే ఎంజైము తక్కువ. మత్తు డాక్టర్లకు తెలిసిన విషయమే. ఇది మేనరికం గొడవ కాదు. దూరపు సంబంధమే చేసుకున్నా, కులం మొత్తం కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిందైతే దూరం అనుకున్నది దగ్గరే అవుతుంది. పాత కలయిక వల్ల వచ్చిన జబ్బు ఫలానాది అని పెద్దబాపు ఒకటి చూపిస్తే, మూసుకోవడం వల్ల వచ్చినవి నేను పది చూపించగలను.

ఇదంతా ఆయనకు ఇంత బాగా చెప్పానని కాదు. 2013, 2017 అంటుంటే ఆయన చూపు వాకిట్లో బర్రె మీదికి పోయింది. ఆయన ఆగి విన్నది ఒక్కటే, డెనిసోవా గుహ పిల్ల కథ. సుమారు 90 వేల ఏళ్ళ నాటి చిన్న ఎముక ముక్క, 2018లో చదివారు. పదమూడేళ్ళయినా నిండిన ఆడపిల్ల. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్.

"మరి గా పిల్లను ఎవలింట్ల పెంచిన్రు?" అన్నాడు.

"అది ఎముకలో ఉండదు పెద్దబాపు. పదమూడేళ్ళు బతికిందంటే ఎవరో అన్నం పెట్టే ఉంటారు" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కాసేపాగి "గా పిల్లది ఏ ఊరన్నవ్?" అన్నాడు. గుహ పిల్ల గురించి అడిగాడో, గచ్చిబౌలి పిల్ల గురించో తెలీలేదు. నేను ఆర్మూర్ అని చెప్పాను.