మూడో సీజన్ చూడని కెమెరాలు

దుమ్ముగూడెం మండలంలో మూడెకరాల తేజ మిర్చి వేసే ఓ రైతుకు ఒక అంకె ఇప్పటికీ గొంతులో ముల్లే. 2,550.

2023 జనవరి సంగతి. కాయ కోసి కల్లంలో ఆరబోస్తే రెండు నెలలు రాత్రి కాపలా తప్పదు. ఊళ్లో ఓ పెద్దాయన రాత్రికి వంద చొప్పున ఉంటానన్నాడు. అరవై రాత్రులకు 6,000. "మనిషినే పెట్టుకోవయ్యా" అంది భార్య. భద్రాచలంలో ఉండే బావమరిది పడనివ్వలేదు. "ఏ కాలంలో ఉన్నావు బావా? కెమెరాలు పెట్టించు, ఇంట్లో పడుకుని ఫోన్లో చూసుకో."

లెక్కా అతనే వేశాడు. కెమెరాలు మూడు, ఒక్కోటి 3,200 చొప్పున 9,600. క్లౌడ్ చందా మూడేళ్లకు ఒకేసారి కడితే 5,400. వెరసి 15,000. మూడు సీజన్లకు పంచితే ఏడాదికి 5,000. మనిషి కూలి కన్నా ఏటా వెయ్యి, మొత్తం మూడు వేలు మిగులు.

రెండు సీజన్లు బాగానే గడిచాయి. 2024 జులై 31న యాప్‌లో సందేశం వచ్చింది: ఈ మోడల్‌కు సేవలు ఆపేశాం. కెమెరాల దీపం వెలుగుతూనే ఉంది, ఫోన్లో బొమ్మ మాత్రం రాదు.

రైతు మళ్లీ కాగితం తీశాడు. 15,000ను రెండు సీజన్లకే పంచితే ఒక్కోదానికి 7,500. మనిషైతే రెండేళ్లకు 12,000తో పోయేది. మిగులుతాయన్న మూడు వేలే చేతి నుంచి పడ్డాయి. ఇక చందా: 36 నెలల్లో వాడింది 19. మిగిలిన 17 నెలలకు, నెలకు 150 లెక్కన, 2,550. అందని సేవకు ముందే కట్టిన సొమ్ము.

భార్య ఒక్క మాటా అనలేదు. మరుసటి ఏడు కల్లంలో పెద్దాయనకు మంచం తనే వేయించింది. ఆ మౌనమే ఆయన్ను ఎక్కువ కుదిపింది.



ఇది కల్లం దగ్గరి గొడవే కాదు. ఇంటి ఉష్ణోగ్రతను అదుపు చేసే తన తొలి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకు గూగుల్ 2025 అక్టోబరు 25న సపోర్ట్ ఆపింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇలాంటి పరికరానికి భద్రతా అప్‌డేట్లు కనీసం ఎన్నాళ్లు ఇస్తారో తయారీదారు ముందే చెప్పి తీరాలి. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది గానీ, సర్వర్ ఇన్నేళ్లు నడపాలన్న నిబంధన లేదు.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. రైతు అడిగితే "వారంటీ ఏడాదే" అంది కస్టమర్ కేర్. వారంటీ వేరు, చందా వేరు. డబ్బు తీసుకుని ఇస్తామన్న సేవ ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపం. కంపెనీ ఎక్కడున్నా, కొన్నవాడు తన నివాస ప్రాంతానికి చెందిన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ముందు 1915కు ఫోన్ చేసి చూడొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే.

ఆ లెక్కన ఈ రైతుకున్న గడువు 2026 జులై 31. బిల్లు బావమరిది పేరు మీద ఉంది.